సస్కాచివాన్ నదిపై నార్త్‌కోట్: ఒక పొగ ఓడ పన్నెండేళ్ళ కొలువు

ఉగాది సంచికలో పద్యాలు, పంచాంగ ఫలాలు, సంఘం వార్షిక నివేదిక ఉండవలసిన చోట, ఎక్కడో కెనడా దేశపు పడమటి మైదానాలలో తిరిగిన ఒక పొగ ఓడను గూర్చి వ్రాయబూనడ మేమిటని పాఠకులు మమ్మును అడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నే. సొంత ఊరు విడిచి, పొట్ట చేతపట్టుకొని, పరభాషా ప్రాంతాలలో కాపుర మేర్పరచుకొన్న వారి సంతానం మనము. మన పెద్దలలో కొందరిని పని పిలిచింది. కొందరిని చేతిలో ఉన్న పని పోవడం తరిమింది. ఒక కొత్త యంత్రం వచ్చినప్పుడు దాని చప్పుడును అందరూ విని మెచ్చుకొంటారు. దాని రాకతో ఎవరి చేతిపని ఆగిందో ఆ సంగతి మాత్రం చరిత్ర పుస్తకాలలో ఏ మూలనో ఒక్క పంక్తిగా మిగులుతుంది. ఈ పొగ ఓడ కథలో ఆ రెండు సంగతులూ ఒకచోటనే కనిపిస్తాయి. అందుకే దీనిని ఎన్నుకొన్నాము.

గోదావరి మీద లాంచీలో ఎగువకు పోయి వచ్చిన వారికి ఈ కథలోని కష్టం తేలికగానే బోధపడుతుంది. నీరు తీసిన వేసవిలో ఇసుక మేటలు ఎక్కడ తేలుతాయో, రాళ్ళు ఎక్కడ పొంచి ఉంటాయో తెలియక సరంగులు పడే అవస్థ వారు చూచినదే. ఎగువ గోదావరిని పడవల రాకపోకలకు అనువుగా చేయాలని ఆనాటి ప్రభుత్వం ఏళ్ళ తరబడి శ్రమించి, చివరకు 1871లో ఆ పని విడిచిపెట్టింది. దాదాపు అదే కాలంలో భూగోళానికి ఆవలి వైపున మరొక నదిపై అటువంటి ప్రయత్నమే మొదలయింది. ఆ నది పేరు సస్కాచివాన్.

నది, దాని మీది పాత రవాణా

సస్కాచివాన్ అన్నది క్రీ జాతివారు పెట్టిన పేరు. వడిగా పారే నది అని దాని అర్థం. రాకీ పర్వతాల మంచులో పుట్టిన రెండు పాయలు, ఉత్తర పాయ, దక్షిణ పాయ, వందలాది మైళ్ళు వేరువేరుగా గడ్డిమైదానాల గుండా ప్రవహించి, ప్రిన్స్ ఆల్బర్ట్ అనే ఊరికి తూర్పుగా ఒకటవుతాయి. అక్కడినుండి ఒకే నదియై, బురద నేలలను, సరస్సులను దాటి విన్నిపెగ్ సరస్సులో పడుతుంది. పడబోయే ముందు గ్రాండ్ రాపిడ్స్ అనే చోట మెట్లమీద దిగినట్లుగా రాళ్ళపై ఉరికేది. ఏ పడవా ఆ ఉరవడికి ఎదురెక్కలేకపోయేది.

ఈ ప్రాంతమంతా రెండు వందల సంవత్సరాలు హడ్సన్స్ బే కంపెనీ అనే ఆంగ్ల వర్తక సంస్థ చేతిలో ఉండేది. ఆ కంపెనీ సరకు ఉన్ని చర్మాలు. చర్మాలు దిగువకు, వాటికి బదులుగా ఇచ్చే కంబళ్ళు, తుపాకిమందు, ఇనుప సామాను, తేయాకు ఎగువకు పోయేవి. ఈ రవాణా రెండు రీతుల జరిగేది. ఒకటి యార్కు పడవ. సుమారు 40 అడుగుల పొడవు ఉండే ఈ కొయ్యపడవను వరుసగా కూర్చున్న తెడ్డువాళ్ళు నడిపేవారు. ప్రవాహం ఎదురైనచోట ఒడ్డుకు దిగి, నడుములకు తాడు కట్టుకొని, రాళ్ళలో, బురదలో పడవను లాగేవారు. రాపిడ్స్ వచ్చినచోట సరకు దింపి, 90 పౌన్ల మూటలను వీపున వేసుకొని అడవి దారిన మోసేవారు. ఒక్కొక్కరు ఒక్కసారికి రెండేసి మూటలు మోయడం ఆనవాయితీ.

రెండవది ఎద్దుబండి. చక్రాలతో సహా అంతా కొయ్యతోనే చేసిన ఈ రెండు చక్రాల బళ్ళు, కందెన లేని ఇరుసులతో మైళ్ళ దూరం వినవచ్చేలా కిరకిరలాడుతూ బారులు తీరి మైదానాల మీద నడిచేవి. ఒక్కొక్క బండిలో ఎనిమిది వందలనుంచి వెయ్యి పౌన్ల బరువు పట్టేది.

ఈ పడవలు నడిపినవారు, ఈ బళ్ళు తోలినవారు ఎవరు? ఎక్కువమంది మేటీలు. ఫ్రెంచి, స్కాచి వర్తకులకును క్రీ మొదలైన జాతుల స్త్రీలకును పుట్టిన సంతతి క్రమంగా ఒక ప్రత్యేక జాతిగా ఏర్పడింది. వారే మేటీలు. వారికి సొంత భాష, సొంత పాటలు, సొంత ఆచారాలు ఉన్నాయి. అడవిదున్నల వేట, పడవ, బండి, ఈ మూడింటి మీదనే వారి బ్రతుకు నడిచింది.

కంపెనీ లెక్క

1870లో ఈ మహాప్రాంతం కంపెనీ చేతినుండి కెనడా ప్రభుత్వం చేతికి మారింది. దానికి ప్రతిఫలంగా కంపెనీకి 3 లక్షల పౌన్ల సొమ్ము ముట్టింది. పరిపాలన పోయినా వర్తకం మిగిలింది. వర్తకం మిగిలినప్పుడు రవాణా ఖర్చు లెక్క మరింత గట్టిగా చూచుకోవలసి వచ్చింది. పడవవాళ్ళు కూలి పెంచమని అడగడం, దారి మధ్యలో పని మానివేయడం 1860ల నాటికే కంపెనీ పెద్దలకు తలనొప్పి అయింది. వందలమంది తెడ్డువాళ్ళను ఏటేటా కుదుర్చుకొని, వారికి తిండి పెట్టి, జీతమిచ్చి నడుపుకొనే కంటె, ఒక పొగ ఓడతో ఆ పని జరిగితే మేలు గదా అని వారు తలపోశారు. ఎర్రనదిపై 1859లోనే ఆన్సన్ నార్తప్ అనే స్టీమరు అమెరికా సరిహద్దు దాటి గారీ కోటకు చేరింది. అక్కడ సాధ్యమైనది సస్కాచివాన్ మీద ఎందుకు కాకూడదన్నది వారి వాదం.

మొదటి ప్రయత్నం కలిసిరాలేదు. ఈ నది కోసమే కట్టిన మొదటి స్టీమరు 1873లో రాపిడ్స్ వద్ద రాళ్ళకు కొట్టుకొని, ఒక్క సరకు మూటనైనా గమ్యం చేర్చకముందే పోయింది. కంపెనీ వెనుకాడలేదు. మరుసటి సంవత్సరమే, 1874లో, గ్రాండ్ రాపిడ్స్ వద్ద ఇంకొక స్టీమరును కట్టి నీటిలోకి దింపింది. అప్పటివరకు కంపెనీ గవర్నరుగా ఉన్న సర్ స్టాఫర్డ్ నార్త్‌కోట్ పేరు దానికి పెట్టారు. ఇదే మన కథానాయకి.

ఓడ తీరు

నార్త్‌కోట్ పొడవు 150 అడుగులు. సముద్రపు ఓడలను చూచిన కన్నులకు ఇది ఓడలా కాక నీటిమీద తేలే మేడలా ఉండేది. అడుగుభాగం చదును. క్రింది అంతస్తులో బాయిలరు, యంత్రాలు, కట్టెలు, సరకు. దానిపైన ప్రయాణికుల గదులు. అన్నింటికీ పైన చుక్కాని పట్టేవాని అద్దాల గది. ఆ గదికి ముందు రెండు పొగగొట్టాలు. వెనుకవైపున ఓడ వెడల్పంతా ఆక్రమించిన తెడ్డు చక్రం.

చక్రం వెనుకనే ఎందుకు? ఆ నదికి లోతు తక్కువ. నీటిక్రింద మరచక్రం పెడితే ఇసుకలో కూరుకుపోతుంది. ప్రక్కల చక్రాలు పెడితే ఇరుకు పాయలలో పట్టదు, కొట్టుకొచ్చే మానులు తగిలి విరుగుతాయి. వెనుక చక్రమైతే ఓడ శరీరమే దానికి కాపు. పైగా దాని తెడ్డుపలకలు నీటిపొరను మాత్రమే చరుస్తాయి. ఒక పలక విరిగితే ఒడ్డున ఒక చెట్టు కొట్టి మరొక పలక చెక్కుకోవచ్చును. ఓడకు రెండు ప్రక్కల పడుకోబెట్టినట్లున్న రెండు ఆవిరి యంత్రాలు పొడవైన కొయ్య చేతులతో ఆ చక్రాన్ని త్రిప్పేవి. అమెరికాలో మిస్సిసిపి, మిస్సోరీ నదుల మీద అనుభవం పండిన పద్ధతి ఇది. ఆ నదులమీద ఆరితేరిన కెప్టెన్లే పెక్కుమంది సస్కాచివాన్ మీదికి కూడ వచ్చారు.

మొదటి సంవత్సరం, 1874లో, నార్త్‌కోట్ ఉత్తర పాయమీద కార్ల్‌టన్ కోట వరకు పోగలిగింది. 1875 జూలైలో ఎడ్మంటన్ చేరింది. గ్రాండ్ రాపిడ్స్‌నుండి ఎడ్మంటన్‌కు నదివెంట 800 మైళ్ళకు పైబడిన దారి. అంతవరకు ఆ రేవున పొగ ఓడ అన్నది ఎవరూ చూచి ఎరుగరు. యార్కు పడవలకు నెలల పని అయిన దూరం ఇకమీదట వారాల పని అవుతుందని కంపెనీ అధికారులు సంతోషించారు.

రోజువారీ పని

పటంలో గీత గీసినంత తేలికగా ఆ దారి సాగలేదు. నదిమీద మంచు కరిగేది వసంతం చివర. మళ్ళీ గడ్డకట్టేది శరత్కాలం ముగియగానే. మధ్య మిగిలే అయిదారు నెలలలోనే సంవత్సరపు పనంతా జరగాలి. ఆ అయిదారు నెలలలోనూ నీరు ఒక్కతీరున ఉండదు. మైదానాలమీది మంచు కరిగి ఒక పోటు వస్తుంది. తరువాత తగ్గుతుంది. ఎండ ముదిరిన పిమ్మట రాకీ కొండలమీది మంచు కరిగి రెండవ పోటు వస్తుంది. అది దాటిందా, ఇక మేటలు తేలడమే. ఓడ ఎక్కడ ఆగేది, ఎప్పుడు చేరేది చెప్పగలది సరంగు కాడు, కొండమీది మంచు.

ఓడకు ఆహారం కట్టెలు. బొగ్గు కాదు. నది వెంట అక్కడక్కడ కట్టెలు నరికి పేర్చిన రేవులుండేవి. పేర్చినవి లేకపోతే ఓడ ఆపి, పనివాళ్ళే గొడ్డళ్ళు పట్టుకొని అడవిలోకి దిగవలసిందే. కట్టెలు భుజాన వేసుకొని పలకమీదుగా పరుగున ఎక్కించడమన్నది పగలనక రేయనక సాగే పని. ఆ కూలీలలో మేటీలు, క్రీలు చాలమంది. నిన్నటివరకు తెడ్డు వేసినవారే నేడు బాయిలరుకు కట్టెలు మోశారు.

నదీజలం కూడ యంత్రానికి మేలు చేసేది కాదు. బురద కలిసిన ఆ నీటినే బాయిలరులోకి తీసుకోవాలి. బురద అడుగున పేరుకొంటే బాయిలరుకే ప్రమాదం. అందుచేత మాటిమాటికీ మంట ఆర్పి, లోపల దిగి గీకి శుభ్రం చేయవలసి వచ్చేది.

ఇసుక మేటమీద ఎక్కినప్పటి తంతు వేరు. ఓడ ముందు భాగాన రెండు ప్రక్కల రెండు పెద్ద దూలాలు వేలాడుతూ ఉండేవి. వాటి కొసలను ఇసుకలో నిలువుగా దింపి, పైన కప్పీలగుండా పోయిన మోకులను యంత్రంతో బిగిస్తే, ఓడ ముక్కు కొంచెం పైకి లేచేది. అదే అదనుగా వెనుక చక్రాన్ని ముందుకు త్రిప్పితే ఓడ ఒక గంతు వేసి ముందుకు పడేది. మళ్ళీ దూలాలు ఎత్తి ముందుకు దించడం, మళ్ళీ ఒక గంతు. చూచేవారికి మిడత గంతులు వేసినట్లుండేదని ఆ పద్ధతికి మిడత పేరే వచ్చింది. ప్రవాహం మరీ వడిగా ఉన్నచోట ఇంకొక పద్ధతి. పొడవైన మోకు కొస ఒడ్డున చెట్టుకు కట్టి, రెండవ కొసను ఓడమీది రాట్నానికి చుట్టి, యంత్రంతో త్రిప్పుతూ ఓడ తన్ను తానే మీదికి లాగుకోవాలి. ప్రిన్స్ ఆల్బర్ట్‌కు దిగువనున్న కోల్స్ రాపిడ్స్ వంటి చోట్ల ఇటువంటి పనితో రోజులు గడిచేవి.

ఇంతకంటె వింత ఏమనగా, ఓడ రావడానికి కొంచెం ముందుగానే నది తన దారి మార్చుకొన్నది. 1873 ప్రాంతంలో కంబర్లండ్ హౌస్‌కు ఎగువన సస్కాచివాన్ గట్టు తెంచుకొని పల్లపు బురదనేలల మీదికి మళ్ళింది. నీరు ఒక్క పాయగా లోతుగా పారవలసినది, పలు పాయలై పలచబడి పరచుకొన్నది. ఏ పాయలో ఓడ పడుతుందో ఏటికేడు వెదుక్కోవలసి వచ్చింది.

గ్రాండ్ రాపిడ్స్ అడ్డును తప్పించడానికి 1877లో కంపెనీ అక్కడ మూడున్నర మైళ్ళ పట్టాలు వేసింది. వాటిపై గుర్రాలు లాగే బళ్ళలో సరకు రాపిడ్స్ క్రిందినుండి పైకి వెళ్ళేది. ఆ పడమటి దేశంలో మొదటి రైలుదారి అదేనని చెబుతారు. రాపిడ్స్ వద్ద వీపున మూటలు మోసే కూలి కూడ అంతటితో పోయింది. అదే సంవత్సరం లిల్లీ అనే ఉక్కు స్టీమరును బ్రిటనునుండి విడిభాగాలుగా తెప్పించి నదిలో దించారు. కొయ్య అడుగుకు చిల్లుపడితే పలకముక్కతో మూయవచ్చును. ఉక్కు రేకు చిరిగితే అంత తేలికగా కుదరదు. లిల్లీ 1883లో నది పాలయింది. నార్త్‌కోట్ మాత్రం మొరటుగా కట్టిన కొయ్య ఓడే అయినా, దెబ్బలు తింటూ, అతుకులు వేయించుకొంటూ కొలువు సాగించింది.

రైలు వచ్చింది

ఇన్ని పాట్లు పడినా ఈ ఓడల లాభం నిలకడగా లేదు. నీరు బాగున్న ఏడు సరకు సకాలంలో చేరేది. నీరు తీసిన ఏడు సగం దారిలో దించి, మళ్ళీ ఎద్దుబండినే ఆశ్రయించవలసి వచ్చేది. అంతలో కెనడియన్ పసిఫిక్ రైలుమార్గం పడమటికి సాగింది. 1883లో అది మెడిసిన్ హాట్‌ను, కాల్గరీని చేరింది. మంచు, మేట, రాపిడ్స్ అన్న మాటలు రైలుకు లేవు. తొమ్మిదేళ్ళ క్రితం యార్కు పడవకు నార్త్‌కోట్ ఎటువంటి పోటీగా వచ్చిందో, నార్త్‌కోట్‌కు రైలు అటువంటి పోటీగా వచ్చింది.

తెడ్డు పోయి, బండి తోలుడు తగ్గి, మేటీలు ఏమైనారు? 1879 నాటికి కెనడా మైదానాలలో అడవిదున్నల మందలు దాదాపు అంతరించాయి. మూడు బ్రతుకుతెరువులలో మూడింటికీ దెబ్బ తగిలింది. మిగిలినది భూమి. ఎర్రనది ప్రాంతాన్ని విడిచి వచ్చిన మేటీలు పెక్కుమంది దక్షిణ సస్కాచివాన్ ఒడ్డున, బటోష్ అనే ఊరి చుట్టుప్రక్కల, స్థిరపడ్డారు. నదికి ఎదురుగా ఇరుకుగాను, వెనుకకు పొడవుగాను ఉండే పొలాలు వారి పద్ధతి. ప్రతి ఇంటికీ నీరు అందాలి, ప్రతి ఇంటికీ రేవు ఉండాలి అన్నది ఆ పద్ధతిలోని సూత్రం. ప్రభుత్వ సర్వేయరులు చదరపు ముక్కలుగా కొలిచారు. మా పొలాలు మా పేర పట్టా చేయండి అని మేటీలు అర్జీమీద అర్జీ పెట్టుకొన్నారు. సమాధానాలు సకాలంలో రాలేదు. ఒకసారి ఎర్రనది వద్ద భూమి చేజారిన అనుభవం వారికుంది. రెండవసారి కూడ అదే జరుగుతుందేమో అన్న భయం వారిది.

1884లో వారు తమ నాయకుడైన లూయీ రియెల్‌ను మోంటానానుండి పిలిపించుకొన్నారు. 1885 మార్చిలో తాత్కాలిక ప్రభుత్వాన్ని ప్రకటించారు. యుద్ధ నాయకత్వం గాబ్రియేల్ డ్యూమాంట్ వహించాడు. ఇతడు పేరుమోసిన వేటగాడు. అదే నదిమీద బల్లకట్టు నడుపుకొంటూ, ఒడ్డున చిన్న దుకాణం పెట్టుకొన్న గృహస్థు కూడ. ఆ రేవునే గాబ్రియేల్ రేవు అనేవారు.

యుద్ధంలో పొగ ఓడ

తిరుగుబాటు నణచడానికి మేజర్ జనరల్ మిడిల్టన్ ఆధ్వర్యాన సైన్యం రైలులో వచ్చి, మైదానాలమీదుగా ఉత్తరానికి నడిచింది. సైన్యానికి తిండి, గుండు సరఫరా చేయడానికి ఓడ కావాలి. ఏప్రిల్ నెలాఖరులో నార్త్‌కోట్ రెండు బల్లకట్లను వెంట లాగుకొంటూ స్విఫ్ట్ కరెంట్‌కు ఉత్తరాననున్న రేవునుండి దక్షిణ పాయమీద దిగువకు బయలుదేరింది. సరకుతోపాటు సిపాయిలు ఎక్కారు. మరచేతి త్రిప్పుతో గుండ్ల వాన కురిపించే గాట్లింగ్ తుపాకీ ఒకటి, దానిని నడిపే హోవర్డ్ అనే అమెరికను కూడ ఎక్కారు. నాలుగు రోజులలో చేరుతామన్నారు. వసంతపు నీరు తక్కువ. అడుగడుగునా మేటలు. మిడత గంతులు వేసి వేసి, రెండు వారాలకు, మే 5న గాని సైన్యాన్ని కలుసుకోలేదు. అంతలో ఏప్రిల్ 24న ఫిష్ క్రీక్ వద్ద డ్యూమాంట్ మనుషులు సైన్యాన్ని అడ్డగించి నిలిపివేశారు. ఓడ ఆలస్యమూ, ఆ దెబ్బా కలిసి మిడిల్టన్‌ను అక్కడే కదలకుండ చేశాయి.

పిమ్మట మిడిల్టన్ ఒక ఎత్తు వేశాడు. బటోష్‌పై సైన్యం నేలమీదనుండి దాడి చేసే వేళకే నార్త్‌కోట్ నదిమీదనుండి కాల్పులు జరపాలి. శత్రువు రెండు వైపులా చూచుకోలేక చెదిరిపోతాడు. ఇందుకోసం ఓడను యుద్ధనౌకగా మార్చారు. ఎక్కడ? గాబ్రియేల్ రేవు వద్దనే. ఎలా? డ్యూమాంట్ ఇల్లూ పశువుల పాకా విప్పిన పలకలను ఓడ అంచులకు గోడగా కొట్టారు. అతని దుకాణంలోని బిలియర్డు బల్లను కూడ తెచ్చి అడ్డు పెట్టారు. మిగిలిన సందులలో పరుపులు, ధాన్యపు బస్తాలు నింపారు. 30 మందికి పైగా సిపాయిలు ఆ గోడల చాటున కూర్చున్నారు. ఒక పల్లెకారు ఇంటి తలుపులు, గోడలు అతని ఊరిమీదికే దండెత్తి వెళ్ళే ఓడకు కవచమయ్యాయి. ఇంతకంటె చేదైన మాట ఈ కథలో మరొకటి లేదు.

మే 9 ఉదయం ఓడ బయలుదేరింది. ప్రవాహం వాటమైనది. అనుకొన్న వేళకంటె ముందే బటోష్ మలుపుకు చేరింది. సైన్యం ఇంకా అక్కడికి రాలేదు. రెండు ఒడ్లనుండీ మేటీలు కాల్పులు ప్రారంభించారు. ఓడ బదులు చెబుతూ దిగువకు జారింది. ముందు ఏమున్నది? బటోష్ రేవులో బల్లకట్టుకు ఆధారంగా నదికి అడ్డంగా కట్టిన మోకు. ఓడ అక్కడికి రాగానే ఆ మోకును క్రిందికి దింపి, ఓడను వలలో చేపలాగ పట్టాలని మేటీల పన్నాగం. దింపడం క్షణకాలం ఆలస్యమయింది. మోకు ఓడ శరీరానికి తగులక పైభాగానికి తగిలింది. రెండు పొగగొట్టాలు, కొయ్యస్తంభం, ఈల, అన్నీ కూలి డెక్కుమీద పడ్డాయి. నిప్పు లేచింది. దానిని ఆర్పారు. పొగ పోయే దారి లేక, చుక్కానిగదిలో నిలువ వీలులేక, ఓడ ప్రవాహానికి కొట్టుకొని బటోష్‌ను దాటి మైళ్ళ దూరం పోయి నిలిచింది. వెనుకకు తిప్పమని సిపాయిలు కోరగా, ఎదురు కాల్పులలో ఆ గదిలో నిలబడడానికి కెప్టెన్ షీట్స్ ఒప్పుకోలేదట. సరకు ఓడ సరంగుగా కొలువు కుదిరినవానిని సేనానిగా ఉండమంటే ఎట్లా?

ఆ విధంగా నది మీది యుద్ధం కొద్ది నిమిషాలలో ముగిసింది. కెనడా మైదానాలలో జరిగిన ఒకే ఒక నౌకాయుద్ధమని తరువాతివారు దీనిని కొంత పరిహాసంగా చెప్పుకొన్నారు. పరిహాసానికి అందులో చోటున్న మాట నిజమే. కాని మేము దానిని వేరుగా చూస్తాము. ఆవిరి యంత్రం ఒకవైపు, బల్లకట్టు మోకు ఒకవైపు. నదిని ఎరిగిన చేతులకు ఆ ఉదయం ఆ మోకే ఆయుధమయింది. ఆ చేతులు పొగ ఓడను ఆపలేదు గాని దాని తలను తీసివేశాయి.

నేలమీది పోరు వేరుగా సాగింది. మూడు రోజులు మేటీలు గుంటలలో కూర్చొని నిలబడ్డారు. తుపాకిమందు, గుండ్లు తరిగిపోయాయి. చివరకు మేకులు, గులకరాళ్ళు కూడ కూరి కాల్చారు. మే 12న బటోష్ పడిపోయింది. ఆ సాయంత్రానికి నార్త్‌కోట్, మార్క్విస్ అనే మరొక స్టీమరు తోడురాగా, తిరిగి అక్కడికి చేరింది. డ్యూమాంట్ సరిహద్దు దాటి అమెరికాకు తప్పించుకొన్నాడు. మే 15న రియెల్ లొంగిపోయాడు. అతనిని ఎగువకు సస్కటూన్ వరకు కాపలాతో కొనిపోయినది నార్త్‌కోటే. అక్కడినుండి బండిమీద, పిదప రైలులో రెజీనాకు చేర్చారు. 1885 నవంబరు 16న అతనిని ఉరితీశారు.

కొలువు చాలించిన పిమ్మట

యుద్ధం ముగిసింది. ఓడకు పని కూడ ముగిసింది. ఆ వసంతంలోనే మానిటోబా అనే దాని తోటి ఓడను మంచుగడ్డలు నొక్కివేశాయి. 1886లో నార్త్‌కోట్‌ను కంబర్లండ్ హౌస్ వద్ద ఒడ్డుకు లాగి విడిచిపెట్టారు. 1774లో కంపెనీ పడమటి లోతట్టు ప్రాంతాలలో నెలకొల్పిన మొట్టమొదటి వర్తక స్థావరం అది. పన్నెండేళ్ళ కొలువు ఒక పురాతన రేవున ఆగిపోయింది. కొయ్య కాలక్రమాన పోయింది. బాయిలర్లు, కొన్ని యంత్రభాగాలు మాత్రం పోలేదు. వాటిని అక్కడి ప్రభుత్వ ఉద్యానంలో భద్రపరచారు. గ్రాండ్ రాపిడ్స్ హోరు కూడ పోయింది. 1960లలో కట్టిన విద్యుత్ ఆనకట్టతో ఆ నీరు యంత్రాలకు మళ్ళింది.

ఆ తుప్పుపట్టిన బాయిలరు ప్రక్కన నేడు ఎవరున్నారు? కంబర్లండ్ హౌస్‌లో కాపురముంటున్నవారు ఎక్కువగా మేటీలు, క్రీలే. వారి పూర్వులు తెడ్డు వేశారు, మూటలు మోశారు, ఆ బాయిలరుకు కట్టెలు అందించారు. రాజ్యం వారిని చాలకాలం పేరు చెప్పి పిలువలేదు. 1982 నాటి కెనడా రాజ్యాంగ చట్టంలో మేటీలను ఆ దేశపు ఆదివాసీ ప్రజలలో ఒకరుగా పేర్కొన్నారు. బటోష్ జాతీయ చారిత్రక స్థలంగా నిలిచింది. కంపెనీ ఓడ పన్నెండేళ్ళే పనిచేసింది. అది తొలగించదలచిన మనుషులు నేటికీ ఆ నది ఒడ్డుననే ఉన్నారు.

మేము ఈ కథను రైలు గొప్పదని చెప్పడానికో, యంత్రం చెడ్డదని చెప్పడానికో వ్రాయలేదు. ఆకలిగొన్న ఊరికి సరకు వారం ముందు చేరడం మేలే. వీపున మూటలు మోసే కష్టం తప్పడమూ మేలే. కాని మోసినవానికి తరువాత ఏమి పని, ఏ నేల అన్న ప్రశ్నను ఆ కంపెనీ లెక్కలు వేసుకోలేదు, ఆ ప్రభుత్వమూ సకాలంలో వేసుకోలేదు. ఆ ప్రశ్న అర్జీగా వచ్చినప్పుడు ఊరకుండి, తుపాకీగా మారినప్పుడు ఓడను పంపించారు.

మనము కూడ ఎక్కడెక్కడి రేవులకో వచ్చి చేరినవారమే. మన సంఘాల పాత పుస్తకాలలో చందాల పద్దులు, నాటకాల పట్టికలు భద్రంగా ఉన్నాయి. మన తాతలు ఏ పని పోయి ఈ ఊరు వచ్చారు, ఏ పని దొరికి ఇక్కడ నిలిచారు అన్నది మాత్రం వ్రాసి పెట్టినవారు తక్కువ. ఈ ఉగాదికి, ఇంట్లో పెద్దలు ఇంకా ఉన్నవారు, పచ్చడి పంచుకొని కూర్చున్నప్పుడు ఆ మాట ఒక్కటి అడిగి, ఒక కాగితంమీద వ్రాసి ఉంచితే, ఈ వ్యాసం వ్రాసినందుకు మాకు ఫలితం దక్కినట్లే. సెలవు.